తాతయ్యకీ మనవడికీ మాటల్లేవు: సృష్టికర్త ఉన్నాడనడానికి సైన్సులో రుజువు ఉందా?

కొత్తిమీరకట్ట · నవంబరు 9

మా ఇంట్లో అయిదు రోజులుగా తాతయ్యకీ మనవడికీ మాటల్లేవు. నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. దీపావళికి ఒంగోలు నుంచి వచ్చి బెంగళూరు రామమూర్తినగర్‌లో మా దగ్గరే ఉన్నారు. మా వాడు పదో తరగతి. నాన్నగారి ఫోనుకు ఎవరో ఒక వీడియో పంపారు, దేవుణ్ణి సైన్సే ఒప్పుకుందని. రాత్రి భోజనాల దగ్గర ఆయన అందరికీ వినబడేలా దాన్ని పెట్టారు. మా వాడు సగం విని, "తాతయ్యా, ఇందులో ఒక్క ముక్క కూడా సైన్సు కాదు" అన్నాడు. ఆయన ఏమీ అనలేదు. పెరుగన్నం కలుపుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు. నాన్నగారు పెరుగన్నం తినకుండా లేవడం నా ఎరుకలో ఇది రెండోసారి. మొదటిసారి అమ్మ పోయిన రోజు.

వీడియోలో ఉన్నవి నాలుగే మాటలు. విశ్వానికి మొదలుంది కాబట్టి మొదలుపెట్టినవాడు ఉండాలి. విశ్వంలోని కొలతలు వెంట్రుకవాసి తేడా లేకుండా మనకోసమే అమర్చినట్టున్నాయి. డీఎన్‌ఏ, కన్ను లాంటివి వాటంతట అవి రాలేవు. ఇక నాలుగోది, థర్మోడైనమిక్స్ (వేడి, శక్తుల లెక్క చెప్పే శాస్త్రం) రెండో నియమం ప్రకారం అన్నీ చెడిపోవాలే తప్ప బాగుపడకూడదు, కాబట్టి పరిణామ సిద్ధాంతం తప్పు.

నేను భక్తి గురించి అడగడం లేదు. మా ఇంట్లో పొద్దునా సాయంత్రం దీపం వెలుగుతుంది, అది ఎవరు ఏమి చెప్పినా వెలుగుతుంది. ఈ నాలుగింటిలో దేనికి ఎంత బరువుందో తెలిసినవాళ్ళు చెప్పండి. తెలుగులోనే చెప్పండి, ఇద్దరికీ చూపిస్తాను.

సిగ్నల్లో_సగంజీవితం · నవంబరు 9

విశ్వం సంగతి తెలియదు కానీ, నేను రోజూ దాటే కూడలిని ఎవరూ డిజైన్ చేయలేదని ప్రమాణం చేసి చెప్పగలను. దానంతట అదే పుట్టింది.

గుండుసూది · నవంబరు 9

నాలుగోదాంతో మొదలుపెడదాం, తొందరగా తేలిపోతుంది. రెండో నియమం చెప్పేది బయటినుంచి ఏమీ రాని, బయటికి ఏమీ పోని వ్యవస్థ గురించి. భూమి అలాంటిది కాదు, నెత్తిన సూర్యుడున్నాడు. మీ ఇంట్లో ఫ్రిజ్ నీళ్ళను మంచుగడ్డ చేస్తోంది కదా. చెల్లాచెదురుగా తిరిగే అణువులను తెచ్చి వరసలో నిలబెడుతోంది. నియమం తప్పినట్టా? ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి, వేడిగా తగులుతుంది. లోపల సర్దినదానికి బయట అంతకంటే ఎక్కువ చిందరవందర చేస్తోంది. మీ నాన్నగారు ఇంజనీరింగ్ వైపు మనిషి కాబట్టి ఇది చెప్తే నిమిషంలో పట్టుకుంటారు.

నక్షత్రకుడు · నవంబరు 9

గుండుసూది గారి మాటకు ఒక చేర్పు. సూర్యుడి నుంచి ఒక ఫోటాన్, అంటే వెలుగు రేణువు, వచ్చి పడితే, భూమి దానికి బదులుగా కంటికి కనబడని దాదాపు 20 పరారుణ ఫోటాన్లను ఆకాశంలోకి వెదజల్లుతుంది. వచ్చిన శక్తీ పోయిన శక్తీ ఒక్కటే, నోటు మాత్రం చిల్లరై పోతుంది. ఆ మార్పిడిలో మిగిలే లాభం మీదే మొక్కా మేకా మనమూ బతుకుతున్నాం.

ఆవకాయ_ఇంజనీరు · నవంబరు 10

నాలుగోది పోతే పోనివ్వండి, అది వీడియోవాళ్ళ అతి. మూడోదాన్ని అంత తేలిగ్గా వదలను. నేను పదిహేనేళ్ళుగా వైట్‌ఫీల్డులో కోడు రాసి బతుకుతున్నాను. మనిషి డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలు. నాలుగే అక్షరాల లిపి. తప్పులు దిద్దే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. రాసినవాడు లేని కోడు నేను ఇంతవరకూ చూడలేదు. మీరెవరైనా చూశారా?

కుందేలు_మూడుకాళ్ళు · నవంబరు 10

రాసినవాడు ఉన్నా అర్థంకాని కోడు మాత్రం చూశాను.

సూక్ష్మజీవి · నవంబరు 10

ఆవకాయ గారూ, నేను ల్యాబులో బాక్టీరియాలతో కాలక్షేపం చేసే మనిషిని. మీ ప్రశ్న న్యాయమైనదే కానీ పోలిక సగం దూరమే వస్తుంది. మీ కోడు పిల్లల్ని పెట్టదు. డీఎన్‌ఏ పెడుతుంది. నకలు తీసుకునేటప్పుడు అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి. చాలా తప్పులు నష్టం చేస్తాయి, కొన్ని ఏమీ చేయవు, ఎప్పుడో ఒకటి కలిసివస్తుంది. కలిసివచ్చినదే ఎక్కువ పిల్లల్ని పెడుతుంది, దీన్నే ప్రకృతివరణం అంటారు. ఈ మూడూ ఉంటే చాలు, కూర్చుని రాసేవాడు అక్కర్లేదు.

మాటలు కాదు, చూసిందే చెప్తున్నాను. అమెరికాలో రిచర్డ్ లెన్స్కీ అనే జీవశాస్త్రవేత్త 1988లో ఈ. కోలై బాక్టీరియాను 12 ఫ్లాస్కుల్లో పెంచడం మొదలుపెట్టాడు. ఆక్సిజన్ ఉన్న చోట ఈ. కోలై ఆ ఫ్లాస్కుల్లోని సిట్రేట్ అనే పదార్థాన్ని, అంటే సిట్రేట్‌ను తినలేదు, దాన్ని గుర్తుపట్టే లక్షణాల్లో అదొకటి. దాదాపు 31,500 తరాలు గడిచాక ఒక ఫ్లాస్కులో మాత్రం తినడం నేర్చుకున్నాయి. పాత నమూనాలన్నీ ఫ్రీజర్‌లో దాచి ఉంచారు కాబట్టి, వెనక్కి వెళ్ళి ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాయో కూడా చూడగలిగారు.

ఇంకొకటి. గొప్ప ఇంజనీరు రాసిన కోడైతే ఇది ఎందుకు ఉంది? విటమిన్ సి తయారుచేసుకునే జన్యువు మనలో ఉంది, కానీ చెడిపోయి ఉంది. చింపాంజీలో కూడా చెడిపోయే ఉంది. మా వీధి కుక్క తనకు కావలసిన విటమిన్ సి తానే చేసుకుంటుంది, నేను మాత్రం నిమ్మకాయలు కొనుక్కోవాలి. జిరాఫీ మెదడు నుంచి గొంతుకు వెళ్ళే ఒక నరం నేరుగా వెళ్ళకుండా మెడ పొడుగునా కిందికి దిగి, గుండె దగ్గర రక్తనాళాన్ని చుట్టి, మళ్ళీ పైకి ఎక్కుతుంది. చేపల్లాంటి పూర్వీకుల్లో అది దగ్గరి దారే. మెడ సాగేకొద్దీ నరమూ సాగింది.

ఆవకాయ_ఇంజనీరు · నవంబరు 10

జిరాఫీ సంగతి వింటే మా ఆఫీసులో పాత మాడ్యూల్ గుర్తొచ్చింది. ఎవరో ఎప్పుడో రాశారు, ఎందుకలా ఉందో ఎవరికీ తెలియదు, తీస్తే అన్నీ కూలుతాయి, అందుకని దాని చుట్టూ తిప్పి కొత్తవి కడతాం. సరే, ఈ పోలిక నా వాదానికే దెబ్బ అని రాశాక అర్థమైంది.

కానీ సూక్ష్మజీవి గారూ, మొట్టమొదటి కణం సంగతేమిటి? నకలు తీసే యంత్రం ఉంటే కదా మీరు చెప్పిన ప్రకృతివరణం మొదలయ్యేది.

సూక్ష్మజీవి · నవంబరు 10

అది అసలు ప్రశ్న. అక్కడ నేను ఛాతీ విరుచుకోను. 1953లో స్టాన్లీ మిల్లర్ అనే రసాయన శాస్త్రవేత్త గాజు పాత్రల్లో నీటి ఆవిరి, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ పోసి కృత్రిమ మెరుపులు మెరిపిస్తే ప్రొటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు వచ్చాయి. బెన్ను గ్రహశకలం నుంచి నాసా తెచ్చిన మట్టిలో జీవులు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 దొరికాయి, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు కావలసిన అక్షరాల్లాంటి అయిదు క్షారాలూ దొరికాయి. అంటే ఇటుకలు ఆకాశంలోనే ఉన్నాయి. ఇటుకల నుంచి ఇల్లు ఎలా లేచిందో ఇంకా తెలియదు. "ఇంకా తెలియదు" అన్న చోట దేవుణ్ణి కూర్చోబెడితే, రేపు తెలిసిన రోజున ఆయన్ని లేపాల్సి వస్తుంది. అది నాకు మర్యాదగా అనిపించదు.

పేకాటపాపయ్య · నవంబరు 10

"ఇంత అసాధ్యమైనది ఎలా జరిగింది" అనే వాళ్ళకు నేను చెప్పే లెక్క ఒకటుంది. ఒక్క పేకకట్టలోంచి 13 ముక్కలు తీస్తే వచ్చే చేతులు 63,501 కోట్ల పైచిలుకు. ప్రతి శనివారం నా చేతికి వచ్చే 13 ముక్కలూ అన్ని కోట్లలో ఒక్కటే. మహాద్భుతం కదా. అయినా మా ఆవిడ మాత్రం అద్భుతం అనడం లేదు.

కుందేలు_మూడుకాళ్ళు · నవంబరు 10

పాపయ్య గారూ, మీ లెక్క ఇక్కడ పనికిరాదు. పంచేవాడికే వరసగా అయిదు ఆటలు పంచగానే షో పడిందనుకోండి, ఏ చేతికైనా అవకాశం అంతేలే అని డబ్బులు ఇచ్చేస్తారా? చొక్కా చేతులు మడిచి చూపించమంటారు. ఏదో ఒక చేయి రావడం వేరు, ముందే పనికొస్తుందని తెలిసిన చేయి రావడం వేరు. మొదటి పోస్టులో రెండో వాదం అదే చెప్తోంది. అందరూ దాన్ని తప్పించుకుని తిరుగుతున్నారు.

నక్షత్రకుడు · నవంబరు 11

తప్పించుకోలేదు, నిన్న కరెంటు పోయింది.

కుందేలు గారు చెప్పింది నిజం. నాలుగింటిలో బరువున్నది ఇదొక్కటే. ఫ్రెడ్ హోయిల్ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త కథ చెప్తాను. దేవుణ్ణి నమ్మని మనిషి. మన జయంత్ నార్లీకర్‌కు గురువు. విశ్వం ఒకప్పుడు వేడిగా, దట్టంగా ఉండి వ్యాకోచించిందనే సిద్ధాంతానికి బిగ్ బ్యాంగ్ అన్న పేరు 1949లో బీబీసీ రేడియోలో ఆయన నోటి నుంచే వచ్చింది, అయినా ఆ సిద్ధాంతాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. నక్షత్రాల కడుపులో మూడు హీలియం కేంద్రకాలు కలిస్తే కార్బన్ పుడుతుంది. మామూలు లెక్కలో అది చాలా అరుదు. మనమంతా ఉండేటంత కార్బన్ పుట్టాలంటే, కార్బన్ కేంద్రకానికి సుమారు 7.65 ఎంఈవీ (అణుకేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర ఒక శక్తిస్థాయి ఉండి తీరాలని 1953లో లెక్కకట్టాడు. అమెరికాలోని కాల్టెక్ ప్రయోగశాలవాళ్ళ వెంటపడి వెతికించాడు. వాళ్ళు మొదట నమ్మలేదు, తర్వాత వెతికారు, దొరికింది. ఎవరో మహామేధావి భౌతికశాస్త్రంలో వేలు పెట్టినట్టుందని తర్వాతి రోజుల్లో ఆయనే రాశాడు. నాస్తికుడి చేత అంత మాట అనిపించిన సంఖ్య అది.

ఇంకో సంఖ్య విశ్వ స్థిరాంకం. ఖాళీ ప్రదేశానికే ఉన్న శక్తి అనుకోండి. క్వాంటం సిద్ధాంతంతో సూటిగా లెక్కకట్టిన దానికీ ఆకాశంలో కొలిచిన దానికీ మధ్య తేడా రాయాలంటే 1 పక్కన దాదాపు 120 సున్నాలు పెట్టాలి. అది ఇప్పుడున్నదానికంటే బాగా పెద్దదై ఉంటే పదార్థం గుమిగూడక ముందే అంతా చెదిరిపోయేది, గెలాక్సీలు ఉండేవి కావు.

గుండుసూది · నవంబరు 11

నక్షత్రకుడు గారు అసలు విషయం ముందే ఆపేశారు. 1987లో భౌతికశాస్త్రవేత్త స్టీవెన్ వైన్‌బర్గ్ ఇలా ఆలోచించాడు. విశ్వాలు చాలా ఉండి, ఒక్కోదాంట్లో ఈ స్థిరాంకం ఒక్కోలా ఉంటే, చూసే కళ్ళున్న విశ్వంలో అది తప్పకుండా చిన్నదై ఉంటుంది, అలాగని సున్నా కానక్కర్లేదు. 1998లో పేలిపోయే నక్షత్రాలైన సూపర్‌నోవాలను కొలిచిన రెండు బృందాలకు నిజంగానే సున్నా కాని చిన్న విలువ కనబడింది. ఏ సృష్టికర్తా లేకుండా ముందుగా చెప్పిన మాట అది.

కుందేలు_మూడుకాళ్ళు · నవంబరు 11

కనబడని దేవుడు ఒక్కడు వద్దని, కనబడని విశ్వాలు కోటానుకోట్లు కావాలంటారు. పొదుపు బాగుంది.

గుండుసూది · నవంబరు 11

ఆ విశ్వాలు నన్ను సోమవారం ఉపవాసం ఉండమని అడగవు.

నక్షత్రకుడు · నవంబరు 11

ఇద్దరూ ఆగండి. బహుళ విశ్వాలను ఎవరూ చూడలేదు, ఎలా చూడాలో కూడా ఎవరికీ స్పష్టంగా తెలియదు. కుందేలు గారి ఎగతాళిలో పస ఉంది. కానీ అటువైపు కూడా ఒక గొయ్యి ఉంది. పాపయ్య గారి పేకకట్టలో 52 ముక్కలున్నాయని మనకు తెలుసు, అందుకే అవకాశం ఎంతో లెక్కకట్టగలం, పంచేవాణ్ణి అనుమానించగలం. విశ్వ స్థిరాంకాలను ఏ కట్టలోంచి పంచారు? కట్టలో ఎన్ని ముక్కలు? ఒక్క ఆట మాత్రమే చూశాం, అదీ మన చేతి ముక్కలు మాత్రమే. ఇవి వేరేలా ఉండగలవో లేదో కూడా తెలియదు. రేపు ఎవరో ఒక లోతైన సూత్రం కనిపెట్టి, వృత్తం చుట్టుకొలతకూ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి (π) ఎప్పుడూ ఒక్కటే అయినట్టు, ఈ విలువలన్నీ ఇలాగే ఉండి తీరాలని చూపించవచ్చు.

అందుకని నా అంచనా: చిక్కు నిజమైనదే, ఇంకా తేలలేదు. దాన్ని పట్టుకుని "చూశారా, ఉన్నాడు" అనడమూ తొందరే, "ఏమీ లేదు పో" అనడమూ తొందరే. ఇంకోమాట. ఇది పూర్తిగా నెగ్గినా అమర్చినవాడు ఒకడున్నాడని మాత్రమే తేలుతుంది. ఆయన మన మొర వింటాడని కార్బన్ చెప్పదు.

కొత్తిమీరకట్ట · నవంబరు 11

మా వాడు ఇదంతా చదివాడు. రెండో వాదాన్ని కూడా చెత్త అన్నానే అని కాసేపు గోళ్ళు కొరుక్కున్నాడు. నాన్నగారికి ఫ్రిజ్ సంగతి చెప్పాను. ఏమీ అనలేదు, పాలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు వెనక చెయ్యి పెట్టి చూడటం మాత్రం నేను చూశాను. మొదటి వాదం మీద ఎవరూ రాయలేదు. ఆయనకు అదే ముఖ్యం.

నిర్వాహకుడు · నవంబరు 11

మీ మతం, మా మతం అంటూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఇక్కడ నడుస్తున్నది వాదాల గురించి, మనుషుల గురించి కాదు. రోజూ దాటే కూడలి గురించి వచ్చిన పోస్టు ఉంచాను, అనవసరమే కానీ బాగుంది.

సిగ్నల్లో_సగంజీవితం · నవంబరు 11

నాది తీసేసి ఉంటే కోర్టుకు వెళ్ళేవాణ్ణి.

గుండుసూది · నవంబరు 12

మొదటి వాదం గురించి. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్ళు, అప్పుడు అంతా చాలా వేడిగా, దట్టంగా ఉండేది. ఇంతవరకే గట్టిగా తెలుసు. అదే "మొదలు" అనీ, దానికి ముందు ఏమీ లేదనీ బిగ్ బ్యాంగ్ చెప్పదు. అక్కడికి వెళ్ళేసరికి మన సమీకరణాలు చేతులెత్తేస్తాయి.

సరదా ఏమిటంటే, ఈ ఆలోచనకు తండ్రి లాంటివాడు జార్జ్ లెమైత్ర్, బెల్జియం దేశపు క్యాథలిక్ ఫాదర్. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాశాడు. 1951లో పోప్ 12వ పయస్ తన ప్రసంగంలో ఈ సైన్సు సృష్టికి సాక్ష్యం చెప్తోందన్నట్టు మాట్లాడితే, సంతోషించాల్సిన లెమైత్రే ఇబ్బంది పడ్డాడు. తన సిద్ధాంతం నమ్మేవాడికీ నమ్మనివాడికీ సమానమే అన్నది ఆయన వైఖరి. పొద్దున ప్రార్థన చేసుకుని, పగలు సమీకరణాలు రాసుకున్న మనిషి ఈ రెండింటికీ ముడిపెట్టవద్దన్నాడు.

శ్రీపాదరేణువు · నవంబరు 12

చాలా రోజులుగా చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఈసారి ఊరుకోలేకపోతున్నాను. నలభై ఏళ్ళుగా మల్లేశ్వరంలో ఉంటున్నాను, సంస్కృతం చెప్పి రిటైరయ్యాను. మీరంతా ఇది ఇంగ్లండు నుంచి వచ్చిన గొడవ అన్నట్టు మాట్లాడుతున్నారు. మన దగ్గర ఈ పంచాయతీ వెయ్యేళ్ళ కిందటే నడిచింది, ఇంతకంటే గట్టిగా నడిచింది.

నైయాయికుల, అంటే మన పాత తర్కశాస్త్రంవాళ్ళ మాట ఇది: కుండ కార్యం, అంటే చేయగా వచ్చినది, దానికి కుమ్మరి ఉన్నాడు. భూమి, మొలక ఇవీ కార్యాలే, కాబట్టి వీటికీ కర్త ఉండాలి. పదో శతాబ్దంలో ఉదయనుడు ఈశ్వరుణ్ణి ఇలా అనుమానప్రమాణంతో, అంటే కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చే తర్కంతో స్థాపించడానికే 'న్యాయకుసుమాంజలి' రాశాడు. ఆవకాయ గారి కోడు వాదం దానికి మనవరాలు. ఇక కుమారిల భట్టు, వేదం అంటే ప్రాణం పెట్టేవాడు, అంతకు మూడు శతాబ్దాల ముందే దీన్ని ఒప్పుకోలేదు. కుమ్మరికి చేతులున్నాయి, మరి మీ కర్తకు శరీరం ఉందా? ఉంటే దాన్ని ఎవరు చేశారు? ఏమీ లేనప్పుడు ఆయన సృష్టించడం ఎవరు చూశారు? ప్రయోజనం లేనిదే మందబుద్ధి కూడా పనికి దిగడు కదా, అన్నీ ఉన్నవాడికి ఏమి కావలసి దిగాడు?

వీళ్ళందరికంటే నన్ను కట్టిపడేసేది రామానుజులవారు. నారాయణుడు తప్ప వేరే ఆలోచన లేని మనిషి. అయినా శ్రీభాష్యంలో ఈ కుండ వాదాన్ని పట్టుకుని ముక్కలు చేశారు. పెద్ద మేడ కట్టాలంటే చాలామంది పనివాళ్ళు కావాలి, జగత్తును ఒక్కడే, ఒక్కసారే చేశాడని కుండను చూసి ఎలా చెప్తారు అని అడిగారు. ఈశ్వరుణ్ణి శాస్త్రం, అంటే వేదం వల్ల తెలుసుకోవాలే తప్ప ఊహించి రుజువు చేయలేరని తేల్చారు. కాబట్టి అమ్మా, మీ నాన్నగారికి చెప్పండి. రుజువు నిలబడకపోతే భక్తి పడిపోతుందని రామానుజులవారే అనుకోలేదు, మనకెందుకు కంగారు?

కుందేలు_మూడుకాళ్ళు · నవంబరు 12

ఈ పోస్టుకు ఎదురు చెప్పాలని గంటసేపు ప్రయత్నించాను. నా పేరుకే అవమానం.

సూక్ష్మజీవి · నవంబరు 12

మేస్టారూ, ఇంతకాలం చదివి వెళ్ళిపోయారా!

ఆవకాయ_ఇంజనీరు · నవంబరు 13

మేస్టారి మాట శిరోధార్యం. అయినా ఒక్కటి అడుగుతాను, మన ఊళ్ళోదే. గవిపురంలో గవి గంగాధరేశ్వర ఆలయం. సంక్రాంతి సాయంత్రం ఎండ బయటినుంచి గుహలోకి వచ్చి, నంది కొమ్ముల మధ్యగా దూరి, లింగం మీద పడుతుంది. రెండేళ్ళ కిందట లైనులో రెండు గంటలు నిలబడి చూశాను, ఒళ్ళు జలదరించింది. అది చూసి ఇది దానంతట అదే కుదిరింది అంటారా ఎవరైనా? శిల్పి ఉన్నాడంటారు. ఒక చిన్న గుహకు అంటున్నప్పుడు విశ్వానికి ఎందుకు అనకూడదు?

నక్షత్రకుడు · నవంబరు 13

చాలా మంచి ఉదాహరణ తెచ్చారు, ఎందుకంటే దాన్ని పరీక్షించవచ్చు. శిల్పి ఉన్నాడని మనం అనేది ఎందుకు? శిల్పులను చూశాం, ఉలి దెబ్బలు కనబడుతున్నాయి, ముంగిట్లో సూర్యపాన, చంద్రపాన అని రెండు పెద్ద రాతి చక్రాలు నిలబెట్టి ఉన్నాయి. విశ్వాలు చేసేవాళ్ళను అలా చూడలేదు. మేస్టారు చెప్పిన పాత గొడవే.

కానీ ఇంకో సంగతి వినండి. సూర్యుడు డిసెంబరు 21 ప్రాంతంలో దక్షిణపు చివరి అంచుకు వెళ్ళి వెనక్కి తిరుగుతాడు. వెళ్ళేటప్పుడు ఏ దారో తిరిగి వచ్చేటప్పుడూ అదే దారి. సంక్రాంతి ఆ మలుపుకు 24 రోజుల తర్వాత. మరి 24 రోజుల ముందు? నవంబరు 27. ఆ ప్రాంతంలో కూడా సూర్యుడు అదే ఎత్తులో, అదే దిక్కున ఉంటాడు, ఎండ అదే దారిన లోపలికి రావాలి. వస్తుంది కూడా, పరిశోధకులు చూసి రాశారు. సంక్రాంతికి వేలమంది వెళ్తారు, నవంబరులో ఎవరూ వెళ్ళరు. కాబట్టి మనకు తెలిసింది ఒక్క రోజే. అద్భుతంలో ఎంత భాగం రాతిది, ఎంత భాగం మన క్యాలెండరుది అన్నది వెళ్ళి చూస్తే తెలుస్తుంది.

కొత్తిమీరకట్ట · నవంబరు 13

ఈ పోస్టు ఇద్దరికీ విడివిడిగా చూపించాను. ఇద్దరూ విడివిడిగా "ఎన్ని గంటలకు?" అని అడిగారు.

నక్షత్రకుడు · నవంబరు 13

సంక్రాంతికి అయిదుంబావు ప్రాంతంలో. కానీ గడియారంలో చూసుకుంటే నవంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం సంక్రాంతి కంటే 20 నిమిషాలు ముందే వస్తుంది. కాబట్టి అయిదుకు కాస్త ముందే లోపల ఉండండి. ఎందుకు ముందు వస్తుందో మీ వాణ్ణే చెప్పమనండి, నేను చెప్పను.

పేకాటపాపయ్య · నవంబరు 14

పందెం కాసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

నిర్వాహకుడు · నవంబరు 14

లేరు.

కొత్తిమీరకట్ట · నవంబరు 30

నిన్న శనివారం ముగ్గురం వెళ్ళాం. మెజెస్టిక్‌లో రైలు మారి, నేషనల్ కాలేజీ స్టేషన్లో దిగి, అక్కడినుంచి ఆటో. నాలుగున్నరకే గుడి దగ్గర ఉన్నాం. జనం లేరు. మేము కాక ఒక ముసలావిడ, ఇద్దరు కాలేజీ పిల్లలు. నాన్నగారు ముందు ఆ రాతి చక్రాల చుట్టూ తిరిగారు, మా వాడు ఫోనులో దిక్సూచి పెట్టి దిక్కు రాసుకున్నాడు. లోపల తల వంచుకుని నడవాలి, చల్లగా, నూనె వాసన. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు, మాట్లాడుకోలేదు.

మబ్బు. నాలుగు నలభై అయిదు, మబ్బు. నాలుగు యాభై, మబ్బు. అయిదుకు రెండు మూడు నిమిషాలుందనగా సన్నగా ఒక వెలుతురు వచ్చి నంది వీపు మీద పడింది. పసుపు రంగు కూడా కాదు, వెలిసిపోయిన పంచె రంగు. నాన్నగారు మా వాడి భుజం పట్టుకుని ముందుకు లాగారు, వాడు పొడుగు కదా, ఆయనకు అడ్డం వస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, వాడికి బాగా కనబడాలని. ఆ వెలుతురు కొమ్ముల దాకా పాకిందో లేదో, మళ్ళీ మబ్బు కమ్మేసింది. అయిదున్నర దాకా ఉన్నాం. అంతే.

గాంధీ బజారులో కాఫీ తాగాం. మా వాడు నోటుపుస్తకంలో "నంది వీపు వరకు వచ్చింది, లింగం వరకు రాలేదు, కారణం మబ్బు" అని రాశాడు. నాన్నగారు చూసి, "వచ్చిన దారిని బట్టి చూస్తే మబ్బు లేకపోతే తప్పకుండా పడేది, అది కూడా రాయి" అన్నారు. వాడు "అది అనుమానప్రమాణం తాతయ్యా, చూసింది కాదు" అన్నాడు. మేస్టారి పోస్టులోంచి ఎత్తుకున్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన నవ్వి, మరి ఆ 20 నిమిషాల సంగతేమిటో చెప్పమన్నారు. వాడు రెండు చెంచాలు, చక్కెర డబ్బా పెట్టి భూమి కక్ష్య గుండ్రంగా ఉండదని, దాని ఇరుసు వంగి ఉందని చెప్పడం మొదలుపెట్టాడు. చక్కెర డబ్బా సూర్యుడు. కాలువలకు లెవెళ్ళు తీసిన ఆయనకు అది కొత్తేమీ కాదని నాకు అనుమానం. అయినా అరగంట విన్నారు, మధ్యలో రెండుసార్లు తప్పు పట్టారు.

వీడియో గురించి ఎవరూ ఎత్తలేదు. రాత్రి పెరుగన్నం తిన్నారు.

గుండుసూది · నవంబరు 30

నంది వీపు వరకు అంటే సగం మార్కులు వేయవచ్చు.

ఆవకాయ_ఇంజనీరు · నవంబరు 30

సంక్రాంతికి వస్తున్నారా మరి? నేను తప్పకుండా ఉంటాను. కారు పెట్టడానికి మాత్రం చోటు దొరకదు, మెట్రోలోనే రండి.

నక్షత్రకుడు · డిసెంబరు 1

ఇంకో రెండు రోజులు అవకాశం ఉంది, మబ్బు విడిస్తే. నేను రేపు వెళ్తున్నాను.

శ్రీపాదరేణువు · డిసెంబరు 1

సంక్రాంతికి నాకూ రావాలని ఉంది. కానీ రెండు గంటలు లైనులో నిలబడలేను. అక్కడ ఎక్కడైనా కూర్చునే చోటు ఉంటుందా?

కొత్తిమీరకట్ట · డిసెంబరు 1

నాన్నగారు మడత కుర్చీ తెస్తారట మేస్టారూ. రెండు తెమ్మన్నాను.